సూర్యకళ ఎత్తుకున్న దుమ్ము

మా జాలారిపేటలో నోరులేని ఆడది అంటూ ఉంటే అది సూర్యకళ ఒక్కతే. నా చెల్లెలి కూతురు. కుళాయి దగ్గర ఎవరైనా దాని బిందెని పక్కకి నెట్టి తమది పెట్టుకుంటే, ఒంగి తన బిందె తీసుకుని వరస చివరికి పోయేది. మా ఇంటి ఆడవాళ్ళ రక్తం దీని దగ్గరికొచ్చేసరికి ఎందుకింత పలచనైపోయిందా అని నేనూ చెల్లీ చాలాసార్లు తలలు పట్టుకున్నాం. నా నోటి గురించి నేను చెప్పుకోకూడదు. హార్బర్‌లో అడగండి, చెప్తారు.

పెళ్ళయిన కొత్తలో దాన్ని నాతోపాటు చేపల పాటకి తీసుకెళ్ళేదాన్ని. జెట్టీ మీద బుట్ట దింపగానే ఆడవాళ్ళందరం గొంతులు చించుకుని ధర అరుస్తాం. ఇది మాత్రం బళ్ళో పిల్లలా వేలెత్తి నిలబడేది. వేలు ఎవడు చూస్తాడు? చివరికి ఎవరికీ అక్కర్లేని కవళ్ళ చేపలు మిగిలితే అవి దీని గంపలో పడేవి. రెండేళ్ళు అలా గడిపి, గంప నాకిచ్చేసి, భీమిలి రోడ్డులో ఉన్న రొయ్యల కంపెనీలో ఒలిచే పనికి కుదిరింది. అక్కడ నోటితో పనిలేదు, వేళ్ళు ఆడితే చాలు. దాని వేళ్ళు బాగా ఆడేవి. పద్నాలుగేళ్ళు ఆడాయి. ఐసు నీళ్ళలో నాని నాని గోళ్ళ సందులు తెల్లగా ఒరిసిపోయాయి. అన్నం కలుపుకునేటప్పుడు కారం తగిలితే కళ్ళు మూసుకునేది, అంతే. అబ్బా అని కూడా అనేది కాదు.

మొగుడు దొరబాబు మంచివాడే. కానీ ఏడాదిలో తొమ్మిది నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. దానికి పిల్లలు కలగలేదు. పక్కింటి సాయిదుర్గని, దాని తల్లి గంప నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంటే, ఇదే పెంచింది. తల దువ్వింది, బడికి పంపింది. పెద్దయ్యాక కంపెనీలో తన పక్కన బల్ల దగ్గరే నిలబెట్టుకుంది. సాయిదుర్గ కడుపుతో ఉందని తెలిసినప్పుడు, దాని సొంత తల్లికంటే ముందు పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టడం మొదలుపెట్టింది సూర్యకళే.

ఆ కంపెనీ షెడ్డులో రెండొందల మంది ఆడవాళ్ళు. మరుగుకి వెళ్ళాలంటే మేకుకి తగిలించిన ప్లాస్టిక్ టోకెను తీసుకుని వెళ్ళాలి. టోకెన్లు ఆరు. ఆరూ బయట ఉంటే ఏడోది కాళ్ళు బిగించుకుని నిలబడాలి. ఐదో నెల కడుపుతో సాయిదుర్గ అలా నిలబడి నిలబడి, ఒకరోజు ఉగ్గబట్టుకోలేకపోయింది. రొయ్యల బల్ల కిందే అయిపోయింది. సూపర్వైజరు దానిచేత కడిగించాడు. కడిగించి ఊరుకుంటే ఏదోలే అనుకునేవాళ్ళం. కడుగుతున్నప్పుడు ఫొటో తీసి, శుభ్రత తప్పిన వాళ్ళు అని రాసి, నోటీసుబోర్డుకి అంటించాడు. మొహం కనబడేలా.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. మాలో ఆడదానికి తీరని అన్యాయం జరిగితే దుమ్ము పోస్తుంది. మాటవరసకి కాదు, నిజంగానే. చెప్పులు విడిచి, జుట్టు విరబోసుకుని, అన్యాయం చేసినవాడి ఇంటి గుమ్మం ముందు మట్టి ఎత్తి మూడు గుప్పెళ్ళు గుమ్మం మీదికి పోస్తుంది. పోస్తూ గంగమ్మ తల్లికి చెప్పుకుంటుంది. సాక్షి లేకుండా పోయకూడదు. ఆ దుమ్ము అబద్ధమని ఎవడైనా అంటే, అక్కడికక్కడే సాక్షి పేరు చెప్పాలి. చెప్పకపోతే అది దుమ్ము కాదు, కుక్క అరుపు. ఒకసారి పోశాక వెనక్కి తీసుకోవడం అంటూ ఉంటే, పోసినదే వచ్చి ఆ మట్టిని తన చెంగులోకి ఎత్తుకుని ఇంటికి తీసుకుపోవాలి. మట్టితోపాటు తిట్టు కూడా పోసినదాని ఇంటికే పోతుంది, ఇంకెవరూ పంచుకోడానికి లేదు. అందుకే ఎవరూ ఊరికే పొయ్యరు. నా బతుకులో రెండుసార్లు పోశాను. ఎత్తుకోలేదు. మా పేటలో ఎత్తుకున్న ఆడదాన్ని నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్న కంపెనీ బస్సు గేటు దగ్గర ఆగింది. అందరూ లోపలికి వెళ్ళారు, సూర్యకళ వెళ్ళలేదు. చెప్పులు విడిచింది. జడ విప్పింది. ఒంగి మట్టి తీసింది. అరవలేదు సుమా. ఆ చిన్న గొంతుతోనే, పక్కింటికి పంచదార అప్పడిగినట్టు అంది.

"తల్లీ, నా గుంట పిల్ల సిగ్గు బోర్డుకెక్కించినారు. ఈ షెడ్డు మండిపోను. ఈ ఐసు నీరైపోను. ఆ ఫొటో తీసినోడి ఒంటిమీద గుడ్డ నిలవకపోను."

మూడు గుప్పెళ్ళు. తర్వాత జుట్టు ముడేసుకుని, నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది.

సాక్షి ఖుష్నుమా. వన్ టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే అబ్దుల్ రజాక్ కూతురు. డిగ్రీ చదివింది, అదే కంపెనీలో పెట్టెల మీద ఇంగ్లీషు చీటీలు అంటించే సెక్షన్‌లో పని. ఇదంతా గేటు లోపలినుంచి ఫోనులో తీసి, కింద ఇంగ్లీషులో కూడా రాసి, తన పేరు లేకుండా యాప్‌లో పెట్టింది. ఎవరు తీశారో మా ముగ్గురికే తెలుసు. నాలుగు రోజుల్లో అది కంచరపాలెం నుంచి భీమిలి దాకా పాకింది. హార్బర్‌లో నన్ను ఆపి అడిగేవాళ్ళు, "ఓ నూకాలమ్మా, నోరునేదన్నావు గదే మీ గుంటకి?" అని. ఎన్నడూ లేనంత తల ఎత్తుకు తిరిగాను ఆ నాలుగు రోజులూ. నిజం చెప్పడానికి సిగ్గెందుకు?

ఐదో రోజు నా మనవరాలి ఫోనులో నొక్కితే బొమ్మ రాలేదు. బూడిదరంగు పలక, దాని మీద ఏవో అక్షరాలు. ఖుష్నుమాని అడిగాను.

"ఈ వీడియో మీ దేశంలో చూడ్డానికి వీల్లేదు అని రాశారు మామ్మా. కంపెనీ తగలబెడతామని బెదిరించామంట. కంపెనీ వాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు, పైనుంచి యాప్ వాళ్ళకి ఉత్తరం వెళ్ళింది, వాళ్ళు మూసేశారు."

"మొత్తం మూసేసినారా?"

"లేదు. ఇక్కడే. బయట దేశాల్లో కనిపిస్తుంది."

"ఓలమ్మో! మన గేటు దగ్గిర పోసిన దుమ్ము మనకి కనబడదా? సముద్రం అవతలోళ్ళకి కనబడతాదా?"

"అంతే మామ్మా."

సూర్యకళకి స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది. తోడు నేను వెళ్ళాను. ఎస్సై నా మనవడి వయసువాడు.

"కంపెనీ తగలబెడతానన్నావా?"

"నాను తగలబెడతానన్నేదు బాబూ. తగలబడాలన్నాను."

"తేడా ఏటి?"

"అగ్గిపెట్టి నా సేతిలో నేదు. ఆ తల్లి సేతిలో ఉంది. ఆవిడికి నోటీసివ్వండి."

పక్కన కానిస్టేబులు నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నాకు గుండె నిండిపోయింది. ఇదీ మా ఇంటి రక్తం, ఇన్నాళ్ళూ అడుగున దాక్కుంది అనుకున్నాను. వీడియో ఎవరు తీశారని ఆ రోజు మూడు గంటలు అడిగారు. దుమ్ము అబద్ధమని ఎవరూ అనలేదు కాబట్టి సాక్షిని చెప్పాల్సిన పని లేదు. అది చెప్పలేదు.

కంపెనీ దాన్ని పనిలోంచి ఆపేసింది. పెద్ద మేనేజరు శ్రీరామ్మూర్తి కబురు పంపాడు. తప్పయింది, మాట వెనక్కి తీసుకుంటున్నాను అని గేటు దగ్గరే నిలబడి వీడియోలో చెప్తే పనీ ఉంటుంది, కేసూ ఉండదు అన్నాడు. సూర్యకళ తల అడ్డంగా ఊపింది. నెలరోజులు అలాగే ఊపింది.

ఆ నెలలోనే ఖుష్నుమా ఇంకో సంగతి పట్టుకొచ్చింది. ఈ కంపెనీ రొయ్యలు తినే దేశానికీ మన దేశానికీ పెద్ద ఒప్పందం రాస్తున్నారట. అందులో సుంకాలూ అవీ కాక, మనుషుల హక్కుల గురించి ఒక అధ్యాయం ఉందట. జనం భయం లేకుండా మాట్లాడాలి, ఫోనులోనైనా సరే. ఎవరు దాన్ని అణిచినా ఒప్పందం ఆపేయొచ్చు. సంతకాలకి ముందు ఆ దేశం వాళ్ళు కంపెనీలు చూడ్డానికి వస్తున్నారు. వచ్చే వాళ్ళలో పెద్దావిడ సూర్యకళని పేరు పెట్టి అడిగిందట, తమ ఊళ్ళో ఆ వీడియో చూసి.

"అది మళ్ళీ సదువు," అన్నాను. మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదివించుకున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కాగితం మీద రాసిందంటే నాకు రాయి మీద చెక్కినట్టే. రెండు రాజ్యాలు సంతకం పెట్టే కాగితంలో మా సూర్యకళ గొంతుకి చోటుంది అనుకున్నాను. మొగుణ్ణి సముద్రం మింగినప్పుడు కూడా సర్కారు కాగితాన్ని అంత నమ్మలేదు.

ఆ రోజు మేడమీద చల్లటి హాలు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల, నీళ్ళ సీసాలు. మరుగు మేకుకి ఆ పొద్దున్నే పాతిక టోకెన్లు తగిలించారు, బోర్డు మీద ఫొటో పోయి పువ్వుల బొమ్మ వచ్చింది. వచ్చినావిడ పొడుగ్గా, నెరిసిన జుట్టు మగరాయుడిలా కత్తిరించుకుని ఉంది. పక్కన రాసుకునేవాడొకడు. చెప్పేది తిప్పి చెప్పడానికి ఆడమనిషే కావాలన్నారట. కంపెనీలో ఇంగ్లీషు వచ్చిన ఆడపిల్ల ఖుష్నుమా ఒక్కతే, దాన్ని కూర్చోబెట్టారు. దాని మీద వాళ్ళకి ఏ అనుమానమూ లేదు. పేట ఆడవాళ్ళ సంఘం పెద్దగా నన్ను పిలిచారు. సూర్యకళ నా పక్కన కూచుంది, ఒరిసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ముందు షెడ్డులో పనిచేసే ఆడపిల్లలు ఎనిమిది మంది నేర్పించిన పాఠం అప్పజెప్పారు. తర్వాత పెద్దావిడ సూర్యకళ వైపు తిరిగి, నీ వీడియో నేను చూశాను, చూపిస్తాను ఉండు అని తన పలకలాంటి ఫోను తీసింది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. అదే బూడిదరంగు. ఇక్కడికి దిగాక ఆవిడకీ కనబడటం మానేసిందన్నమాట.

శ్రీరామ్మూర్తి ఎంత మెత్తగా అన్నాడో. "మేడమ్, అలాంటి వీడియో ఏదీ లేదు. ఈ మధ్య కంప్యూటర్లతో మనిషి మొహం, గొంతు తయారుచేసేస్తున్నారు కదా. మేమంటే గిట్టని ఎవరో చేశారు. ఈ అమ్మ ఎంత నెమ్మదస్తురాలో చూడండి, ఈవిడ ఎవరినైనా తిడుతుందా? అది అబద్ధం."

ఖుష్నుమా ఇంగ్లీషులోకి తిప్పింది. పెద్దావిడ సూర్యకళని చూసింది. సూర్యకళ నోరు తెరిచింది, మూసుకుంది. బళ్ళో పిల్లలా వేలు కొంచెం లేచింది ఒళ్ళో.

అబద్ధం అన్నాడు. దుమ్ముని అబద్ధం అన్నాడు. నాకు చెవుల్లో సముద్రం హోరెత్తింది. లేచి నిలబడ్డాను.

"ఏటి బాబూ అబద్ధం? మా గుంట దుమ్ము అబద్ధమా? సాక్షి నేదనుకున్నావా? ఇదిగో, నీ బల్ల దగ్గిరే కూకుంది సాక్షి! ఈ ఖుష్నుమాయే సూసింది, దీని ఫోనుతోటే తీసింది. అడుగు!"

 పెద్దావిడ ఖుష్నుమా వైపు చూసింది, ఏమంది అని. ఆ పిల్ల మొహం నేను అప్పుడు చూశాను. అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. ఇంకేదో చెప్పి దాటెయ్యొచ్చు అది. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళు ఇంకో ముగ్గురున్నారు గదిలో, అయినా దాటెయ్యొచ్చు. దాటెయ్యలేదు. నేనన్నది అన్నట్టే తిప్పి చెప్పిందట, చివర "ఆ అమ్మాయిని నేనే" అని కూడా కలిపిందట. తర్వాత వాళ్ళ నాన్న చెప్పాడు నాకు.

శ్రీరామ్మూర్తి చిన్న నవ్వు నవ్వి ఏదో రాసుకున్నాడు. పెద్దావిడా రాసుకుంది. నేను ఆవిణ్ణే అడిగాను, "మీ కాగితంలో ఉందట గదమ్మా, మాటాడినోళ్ళని ఏటీ సెయ్యకూడదని. ఈ గుంటని ఏటీ సెయ్యకుండా సూడు. నేకపోతే ఒప్పందం ఆపుతానని ఇక్కడే సెప్పు."

ఆవిడ చాలాసేపు చెప్పింది. ఖుష్నుమా రెండు ముక్కల్లో తెలుగు చేసింది. "ఆ మాట రాజ్యాలకీ రాజ్యాలకీ మధ్య మామ్మా. ఒక్క మనిషి కోసం ఆపరు. రాసుకున్నాను అంటున్నారు."

ఆవిడ వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఊపింది. మెత్తటి చెయ్యి. ఎన్నడూ రొయ్య ఒలవలేదు.

మూడోనాడు వన్ టౌన్‌లో రజాక్ ఇంటికి పోలీసులు వచ్చి ఫోను పట్టుకుపోయారు. సూర్యకళని అడిగిన ప్రశ్నలు ఒక రకం, ఖుష్నుమాని అడిగినవి ఒక రకం. నీ వెనక ఎవరున్నారు? ఏ దేశంవాళ్ళు చెప్తే తీశావు? మీవాళ్ళు ఎవరెవరు ఆ యాప్‌లో ఉన్నారు? పేరు చూసి ప్రశ్నలు మారతాయని నాకు డెబ్భై ఏళ్ళకి తెలిసింది. రజాక్‌కి పుట్టినప్పటినుంచీ తెలుసు. వచ్చి మా అరుగు మీద కూచున్నాడు, టీ ఇస్తే తాగలేదు.

"అక్కా, మీరు తప్పు చేశారని నేననను. మీ ఆచారం మీది. కానీ మాలాంటోళ్ళ పిల్ల మీద ఇలాంటి కేసు పడితే, అది ఇంక దిగదక్కా."

నేను మాట్లాడలేదు. నా నోరు గురించి హార్బర్‌లో అడగండి అన్నాను కదా, ఆ రోజు మా అరుగు మీద అడగాల్సింది.

సూర్యకళ లోపలినుంచి అంతా వింది. పొత్తిగుడ్డ కుడుతున్నది దారం తెంపి, మడిచి పక్కన పెట్టింది.

"రజాకన్నా, ఆ పిల్ల పేరు తీసేత్తే సాలా?"

"సూర్యకళా, నువ్వు..."

"సాలా, సాలదా?"

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఒలే, ఏటి సేత్తన్నావో తెలుసా? మాటే అనుకుంటన్నావా? ఉత్తి మాటే అయితే నానే సెప్పుదును. ఎత్తుకుంటే నీ ఇంటికొత్తాది అది!"

"తెలుసు పెద్దమ్మా. తప్పుకో."

"దొరబాబు బోటు మీదున్నాడు. ఆడి మీద పడితే?"

అది ఒక్క క్షణం ఆగింది. అంతే. నన్ను పక్కకి జరిపింది, కుళాయి దగ్గర బిందె జరిపినంత నెమ్మదిగా.

వెనక్కి తీసుకుంటే ఖుష్నుమా జోలికి పోమని మాటిచ్చి, శ్రీరామ్మూర్తి మనుషులు గేటు దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డారు. రాసిచ్చిన కాగితం చూస్తూ సూర్యకళ చదివింది. తప్పయింది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, కంపెనీ మమ్మల్ని బాగా చూసుకుంటుంది, సాక్షిగా ఎవరూ లేరు. వాళ్ళకి కావాల్సింది అంతే. కాగితం మడిచిచ్చి ఇది చెప్పులు విడిచింది. గేటు ముందు కూచుని, రెండు చేతులతో మట్టి తీసి చెంగులోకి ఎత్తుకుంది. ఒక గుప్పెడు. రెండు. మూడు. వాళ్ళకి అదేమిటో తెలియదు. ఏదో బుద్ధొచ్చి గేటు ఊడుస్తోంది అనుకున్నారు, అదికూడా ఫోనులో తీశారు. పేట నుంచి వెళ్ళిన ఆడవాళ్ళం మాత్రం మొహాలు తిప్పుకున్నాం. మా పక్కనున్న గంగాలమ్మ ముసల్ది మొహం మీదికి చెంగు లాక్కుంది.

మాట నిలబెట్టుకున్నారు, అబద్ధమాడను. ఖుష్నుమా మీద కేసు పైకి రాలేదు. ఫోను ఇవ్వలేదు, చీటీల పని పోయింది. సూర్యకళని మళ్ళీ బల్ల దగ్గర నిలబెట్టారు. టోకెన్లు పాతికలోంచి మళ్ళీ ఆరయ్యాయి.

రెండు నెలలకి ఆ దేశంవాళ్ళ నివేదిక వచ్చింది. ఖుష్నుమా వాళ్ళ నాన్న ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చి చదివింది. నామీద కోపం ఉందా అని అడగాలనిపించింది, అడగలేదు. నలభై పేజీలు. ఒక పేజీలో సూర్యకళ ఫొటో. గేటు ముందు ఒంగి మట్టి ఎత్తుతోంది. కింద రాశారట, కార్మికులు తమ ఆవరణ శుభ్రంగా ఉంచుకోవడంలో ఇష్టపూర్వకంగా పాల్గొంటున్నారు అని. ఇంకోచోట, ఒక కార్మికురాలు ఆన్‌లైన్‌లో ముందు ఒక అభిప్రాయం చెప్పి, తర్వాత స్వేచ్ఛగా మార్చుకుంది, కాబట్టి మాట్లాడే హక్కుకి అడ్డేమీ కనబడలేదు అని. సంతకాలు కూడా అయిపోయాయట.

"ఆ పెద్దావిడ రాసుకున్నది?"

"ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది మామ్మా. ఆందోళన వ్యక్తం చేశాము అని."

"అంటే?"

"ఏమీ కాదు మామ్మా."

సూర్యకళ తప్పయిందని చదివిన వీడియో ఇప్పుడు ఇక్కడా కనబడుతుంది, అక్కడా కనబడుతుంది. మొన్న నా మనవరాలు చూపించింది. దుమ్ము పోసినది మాత్రం ఇప్పటికీ మన దేశంలో బూడిదరంగే.

పోయిన నెలలో సాయిదుర్గకి ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం నాడు పేట అంతా వచ్చింది. సూర్యకళ కుట్టిన పొత్తిగుడ్డలే పరిచారు. అది మాత్రం వీధిలో నిలబడింది. సాయిదుర్గ లోపలినుంచి ఏడుస్తూ పిలిచింది, "అప్పా, ఒక్కసారి ఎత్తుకోయే, నీ పిల్లే కదా," అని. సూర్యకళ గడప దాటలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, అక్కడినుంచే చూసి, నవ్వి, వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళాను. దాని ఇంట్లో వంటగట్టు పక్కన మేకుకి చిన్న మూట వేలాడుతోంది, ఆ రోజు కట్టుకున్న చీర చెంగు చింపి కట్టినది. అందులోనే ఉంది.

"ఒలే, ఆ మూట నాకియ్యే. సాక్షిని సెప్పింది నాను. నా ఇంటికి పోనీ. నాకింకెంత బతుకుందని, అది తినడానికి?"

అది పొయ్యి ముట్టిస్తోంది. తల ఎత్తలేదు.

"దుమ్ము పంచుకోరు పెద్దమ్మా. నువ్వే గదా సెప్పినావు." పుల్ల విరిచి పొయ్యిలో పెట్టింది. "కూకో. టీ ఎడతాను."

కూచున్నాను. ఐసుకి ఒరిసిన వేళ్ళతో గ్లాసు అందించింది. వేడికి చురుక్కుమని ఉంటుంది, కళ్ళు మూసుకుంది. అబ్బా అని కూడా అనలేదు.